పదో తరగతి లెక్కల పరీక్షకు సాధన చేయడం ఎలా?

“పుస్తకం చూసి చేస్తే అన్ని లెక్కలూ వస్తున్నాయి, పరీక్షలో కూర్చుంటే మొదటి మెట్టు కూడా తోచడం లేదు, ఏం చేయాలి?” సంక్రాంతి సెలవులు ముగిసి ప్రీ-ఫైనల్ పరీక్షలు దగ్గరపడే వేళకు ఏటా పదో తరగతి పిల్లలు, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులు, ఇదే ప్రశ్న అడుగుతూ ఉంటారు. ఒక్కొక్కరికి విడిగా చెబుతూ వచ్చిన జవాబును ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

గైడులోని సాధనను చూస్తూ నోటు పుస్తకంలోకి ఎక్కించినప్పుడు చేతికి పని దొరుకుతుంది గాని, ఏ సూత్రం వాడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్న నిర్ణయం మాత్రం గైడు రాసినవారే తీసుకుని ఉంటారు. పరీక్షలో ఆ నిర్ణయం మీదే. అందువల్ల కింద చెప్పిన మెట్లన్నీ ఆ నిర్ణయాన్ని ప్రతిరోజూ మీచేతనే చేయించేలా ఉంటాయి. సుమారు 60 రోజుల వ్యవధి ఉందన్న అంచనాతో రాశాను. అంతకంటే తక్కువ ఉన్నవారు ఏది వదులుకోవచ్చో చివరలో చెప్పాను.

కావలసినవి

- మీ బోర్డు పాఠ్యపుస్తకం. గైడు ఉంటే ఉండనివ్వండి, కానీ అది సాధన చేసే బల్లమీద కాకుండా అలమరలో ఉండాలి.
- రెండు నోటు పుస్తకాలు. ఒకటి సాధనకు, రెండవది తప్పులకు. రెండవది పలుచనిది చాలు.
- ఒక గడియారం. ఫోనులోని గడియారం వాడవద్దు, సమయం చూడబోయి ఇంకేదో చూస్తారు.
- జామెట్రీ బాక్సు, గ్రాఫు కాగితాలు, చెక్కిన పెన్సిలు.
- గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు నాలుగైదు, బోర్డు విడుదల చేసిన నమూనా పత్రాలు.

కాలిక్యులేటరును పరీక్ష గదిలోకి అనుమతించరు కాబట్టి సాధనలోనూ దానిని ముట్టుకోవద్దు. 22/7 × 49 × 10 వంటి గుణకారాలను చేత్తో చేయడం కూడా సాధనలో భాగమే.

పాత ప్రశ్నపత్రాల విషయంలో ఒక హెచ్చరిక. ఆంధ్రప్రదేశ్‌లో 2024–25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అంతకుముందరి పత్రాలలో సమితులు, సంవర్గమానాలు, గుణశ్రేఢి మీద ప్రశ్నలు కనిపిస్తాయి. అవి కొత్త పుస్తకంలో లేవు. తెలంగాణ పుస్తకంలో మాత్రం అవి ఉన్నాయి. కాబట్టి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు పాత పత్రం తీసుకున్నప్పుడు ముందుగా పాఠ్యపుస్తకం విషయసూచికతో పోల్చి, లేని ప్రశ్నలను కొట్టివేసి, ఆ తరువాతే గడియారం పెట్టుకోవాలి. లేకపోతే చదవని పాఠం మీద ప్రశ్న చూసి అనవసరంగా బెదిరిపోతారు.

1. ప్రశ్నపత్రం స్వరూపం తెలుసుకోండి

ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవలి సంవత్సరాలలో గణితం ఒకే పేపరు, 100 మార్కులు, 33 ప్రశ్నలు. అందులో ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఎనిమిది మార్కుల ప్రశ్నలలో ‘ఇది లేదా అది’ అన్న అంతర్గత ఎంపిక ఉంటుంది. సమయం 3 గంటల 15 నిమిషాలు, అందులో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి. తెలంగాణలో రాత పరీక్ష 80 మార్కులకు జరుగుతూ వచ్చింది. పార్ట్-ఎ 60 మార్కులు, పార్ట్-బి 20 మార్కుల బిట్లు, పార్ట్-బికి చివరి అరగంట.

ఈ స్వరూపం మారుతూ ఉంటుంది. మీ సంవత్సరానికి వర్తించే నమూనా పత్రాన్ని పాఠశాలలో అడిగి తీసుకుని, సాధన పుస్తకం మొదటి పేజీలో అంటించండి. ఎంతసేపు చదవాలి అన్నది దానిని చూశాకే నిర్ణయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్ పత్రంలో 72 మార్కులు నాలుగు, ఎనిమిది మార్కుల ప్రశ్నలలోనే ఉన్నప్పుడు రోజంతా బిట్లు బట్టీ పట్టడంలో అర్థం లేదు.

2. ఒక్కరోజు పరీక్షించుకుని అధ్యాయాలను మూడు గుంపులు చేయండి

ప్రతి అధ్యాయం చివరి అభ్యాసం నుంచి రెండేసి లెక్కలు తీసుకోండి. సులభమైనవి ఏరుకోవద్దు, వరుసలో మూడవది, ఏడవది అని ముందే అనుకుని అవే చేయండి. పుస్తకం మూసి, ఒక్కోదానికి పది నిమిషాలకు మించకుండా ప్రయత్నించండి. రెండూ వస్తే ఆ అధ్యాయం ‘అ’ గుంపు, ఒకటి వస్తే ‘ఆ’ గుంపు, ఒకటీ రాకపోతే ‘ఇ’ గుంపు.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటి ఉంది. ‘అ’ గుంపు లెక్కలు చేస్తుంటే హాయిగా ఉంటుంది, అందుకే చేయి తిరిగి తిరిగి వాటి మీదికే పోతుంది. మీ సమయంలో సగం ‘ఆ’ గుంపుకు కేటాయించండి. సగం వచ్చిన అధ్యాయం కొద్ది శ్రమతో పూర్తిగా వస్తుంది. ‘ఇ’ గుంపుకు మూడో వంతు సమయం, మిగిలినది ‘అ’ గుంపుకు చాలు.

3. పుస్తకం మూసి లెక్క చేయండి

రోజూ చేయవలసిన పని ఇదే. దీని వరుస ఇలా ఉంటుంది.

ముందుగా ఒక ఉదాహరణను పుస్తకంలో నెమ్మదిగా చదవండి. ప్రతి మెట్టు దగ్గర ఆగి, ‘ఇది ఎందుకు వచ్చింది’ అని మిమ్మల్ని మీరు అడగండి. తరువాత పుస్తకం మూసి, అదే ఉదాహరణను తెల్ల కాగితం మీద మొదటి నుంచి చివరి దాకా చేయండి. ఆగిపోతే వెంటనే పుస్తకం తెరవవద్దు, కనీసం ఐదు నిమిషాలు దానితో కుస్తీ పట్టండి. అప్పటికీ రాకపోతే పుస్తకం తెరిచి, మీరు ఆగిన ఆ ఒక్క మెట్టు మాత్రమే చూసి, మళ్లీ మూసివేసి కొనసాగించండి. ఇలా చూసిన చోట అంచులో చిన్న చుక్క పెట్టండి. చుక్క ఉన్న లెక్క మీకు వచ్చినట్టు కాదు. దానిని రెండు రోజుల తరువాత ఒకసారి, వారం తరువాత మరొకసారి, చుక్క లేకుండా చేయగలిగినప్పుడే వచ్చినట్టు లెక్క.

రోజుకు ఇలాంటివి పది పన్నెండు చేస్తే చాలు. నలభై చేశామని చెప్పుకునే పిల్లల పుస్తకాలు చాలా చూశాను. వాటిలో ముప్పై లెక్కలు అంకెలు మార్చిన ఒకే లెక్కగా ఉంటాయి.

వీడియో పాఠాలు చూసేవారికీ ఇదే నియమం. ప్రశ్న తెర మీదికి రాగానే ఆపి, మీరు చేసి, ఆ తరువాత మిగిలినది చూడండి. ఆపకుండా చూసిన వీడియో సినిమాతో సమానం.

4. తప్పుల పుస్తకం రాయండి

తప్పు జరిగిన ప్రతి లెక్కకు మూడు వరుసలు రాయాలి: లెక్క ఎక్కడిది, ఎక్కడ తప్పాను, ఈసారి ఏం చూసుకోవాలి. ‘అజాగ్రత్త’ అని రాసి వదిలేయవద్దు, ఆ మాట వల్ల ఏమీ తెలియదు. ‘మైనస్ గుర్తు ఉన్న కుండలీకరణం విప్పేటప్పుడు రెండవ పదం గుర్తు మార్చలేదు’ అని రాయండి. రెండు వారాలు గడిచాక పుస్తకం తిరగేస్తే, మీ తప్పులు వందల రకాలు కావనీ, నాలుగైదు రకాలే మళ్లీ మళ్లీ వస్తున్నాయనీ మీకే కనిపిస్తుంది. ఆ నాలుగైదింటి కోసమే ప్రత్యేకంగా సాధన చేయాలి.

తప్పుల పుస్తకాన్ని రంగురంగుల పెన్నులతో అలంకరించే పని పెట్టుకోవద్దు. అది ఎవరికీ చూపించవలసినది కాదు.

5. ప్రతి జవాబునూ సరిచూసుకోండి

పరీక్షలో పుస్తకం వెనుక పేజీలలోని జవాబులు మీ దగ్గర ఉండవు. అందుకని సాధనలో కూడా ముందు మీరే సరిచూసుకుని, ‘ఇది ఒప్పు’ అని టిక్కు పెట్టిన తరువాతే వెనుక పేజీ తిప్పండి. సరిచూసే పద్ధతి ఒక్కో అధ్యాయానికి ఒక్కోలా ఉంటుంది. తప్పులు ఎక్కువగా జరిగే చోట్లతో కలిపి కింద ఇస్తున్నాను.

వర్గ సమీకరణాలు. 2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 తీసుకోండి. విచక్షణి 49 − 24 = 25, మూలాలు 3, 1/2. సూత్రంలో ‘మైనస్ బి’ ఉన్నందున, బి విలువ −7 అయినప్పుడు అది +7 కావాలి. ఆ గుర్తు మరచిపోయినవారికి −3, −1/2 వస్తాయి. సమీకరణంలో 3 ప్రతిక్షేపిస్తే 18 − 21 + 3 = 0 అవుతుంది. −3 ప్రతిక్షేపిస్తే 18 + 21 + 3 = 42 వస్తుంది. అర నిమిషంలో తప్పు బయటపడుతుంది. రాత లెక్కలలో ఇంకొక మెట్టు ఉంది. వయసు, పొడవు, వేగం వంటివి రుణసంఖ్యలు కాలేవు కాబట్టి ఆ మూలాన్ని ఎందుకు వదిలేస్తున్నారో ఒక వాక్యంలో రాయాలి.

రేఖీయ సమీకరణాల జత. ఎక్స్ + వై = 5, 2ఎక్స్ − వై = 4 అయితే జవాబు ఎక్స్ = 3, వై = 2. చాలామంది సరిచూసేటప్పుడు ఒక్క సమీకరణంలోనే ప్రతిక్షేపించి తృప్తిపడతారు. రెండింటిలోనూ సరిపోవాలి. గ్రాఫు పద్ధతిలో చేస్తుంటే ప్రతి రేఖకూ రెండు బిందువులతో సరిపెట్టుకోకుండా మూడవది కూడా గుర్తించండి. మూడూ ఒకే సరళరేఖ మీద పడకపోతే పట్టికలోనే ఎక్కడో పొరపాటు ఉంది.

అంకశ్రేఢి. 9తో భాగించబడే మూడంకెల సంఖ్యలు ఎన్ని అన్న ప్రశ్నలో మొదటి పదం 108, చివరి పదం 999. భేదం 891ని 9తో భాగిస్తే 99 వస్తుంది, దానికి 1 కలిపితే జవాబు 100. ఆ ఒకటి కలపడం మరచిపోయి 99 అని రాసేవారి సంఖ్య తక్కువేమీ కాదు. మరొక దారిలో చూడండి: 999 వరకు 9 గుణిజాలు 111, అందులో 99 వరకు ఉన్నవి 11, మిగిలినవి 100. ఇలా రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే నిశ్చింతగా తరువాతి లెక్కకు వెళ్లవచ్చు.

నిరూపక జ్యామితి. (1, 2), (7, 8) బిందువులను కలిపే రేఖాఖండాన్ని 1:2 నిష్పత్తిలో విభజించే బిందువు (3, 4). నిష్పత్తిని తిరగేసి గుణిస్తే (5, 6) వస్తుంది, అది కూడా చూడడానికి సరైన జవాబులాగే ఉంటుంది. చిన్న చిత్తు బొమ్మ గీయండి. 1:2 అంటే బిందువు మొదటి దానికి దగ్గరగా ఉండాలి, (5, 6) రెండవ దానికి దగ్గరగా ఉంది కాబట్టి తప్పు.

త్రికోణమితి. సర్వసమీకరణాన్ని నిరూపించే లెక్కలో మధ్యలో చిక్కుకుంటే, థీటా బదులు 30° పెట్టి, మొదటి వరుస విలువనూ మీరు ఆగిన వరుస విలువనూ లెక్కించండి. రెండూ వేరైతే ఆ మధ్యలోనే తప్పుంది. దీనికి 45° వాడవద్దు. అక్కడ సైన్, కాస్ విలువలు సమానం కాబట్టి ఒకదాని బదులు మరొకటి రాసిన పొరపాటు పట్టుబడదు. ఇది మీరు చూసుకోవడానికి మాత్రమే, దీనిని నిరూపణగా రాస్తే మార్కులు రావు.

ఎత్తులు, దూరాల లెక్కలలో బొమ్మ సరిగా గీయడమే సగం పని. ఒక స్తంభం అడుగు నుంచి 30 మీటర్ల దూరంలో ఊర్ధ్వకోణం 30° అయితే ఎత్తు 30/√3, అంటే 10√3, సుమారు 17.32 మీటర్లు. టాన్ విలువను తిరగేసిన వారికి 51.96 వస్తుంది. కోణం 45° కంటే తక్కువైనప్పుడు ఎత్తు దూరం కంటే తక్కువే ఉండాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఆ తప్పు కాగితం మీద నిలవదు. నిమ్నకోణాన్ని స్తంభంతో కలిపి గుర్తించడం ఇంకొక తప్పు. దానిని పైనున్న క్షితిజ సమాంతర రేఖ నుంచి కిందికి కొలవాలి.

క్షేత్రమితి. ప్రశ్నలో ఇచ్చినది వ్యాసమా, వ్యాసార్ధమా అన్నది ముందు గుండ్రంగా చుట్టండి. వ్యాసార్ధం 7 సెం.మీ., ఎత్తు 10 సెం.మీ. ఉన్న స్థూపం ఘనపరిమాణం 1540 ఘన సెం.మీ., అంటే లీటరున్నర పైచిలుకు. ఆ 7 సెం.మీ. నిజానికి వ్యాసమై ఉంటే, దానినే వ్యాసార్ధంగా వాడినందుకు జవాబు నాలుగింతలు వచ్చినట్టు. రెండు ఘనాకృతులను కలిపిన లెక్కలో అవి అతుక్కున్న ముఖం బయటికి కనిపించదు, ఉపరితల వైశాల్యంలో దానిని కలపకూడదు. వైశాల్యానికి చదరపు సెం.మీ., ఘనపరిమాణానికి ఘన సెం.మీ. అని చివరలో రాయడం మరచిపోవద్దు.

సాంఖ్యక శాస్త్రం. ఈ పట్టిక తీసుకోండి: 0–10 తరగతిలో 5, 10–20లో 8, 20–30లో 12, 30–40లో 9, 40–50లో 6, మొత్తం 40. సంచిత పౌనఃపున్యాలు వరుసగా 5, 13, 25, 34, 40. మొత్తంలో సగం 20 కాబట్టి మధ్యగత తరగతి 20–30. సూత్రంలో వాడవలసిన సంచిత పౌనఃపున్యం దానికి ముందరి తరగతిది, అంటే 13. మధ్యగతం = 20 + (20 − 13)/12 × 10 = 25.83. ఎక్కువమంది 13 బదులు అదే తరగతికి ఎదురుగా ఉన్న 25 వాడతారు, అప్పుడు 15.83 వస్తుంది. మధ్యగతం మధ్యగత తరగతిలోనే ఉండాలి, 15.83 మాత్రం 20–30లో లేదు. ఇదే పట్టికకు సగటు 25.75, బాహుళకం 25.71. మూడూ చేసి చూడండి. ఒకే పట్టిక మీద మూడు సూత్రాలనూ సాధన చేస్తే వాటి మధ్య తికమక తగ్గుతుంది, సమయమూ కలిసివస్తుంది.

సంభావ్యత. జవాబు 0కు, 1కి మధ్యనే ఉండాలి. రెండు పాచికల లెక్కలలో పర్యవసానాలను వేళ్ల మీద లెక్కించకుండా జాబితాగా రాయండి. మొత్తం 8 వచ్చే సందర్భాలు (2,6), (3,5), (4,4), (5,3), (6,2), అంటే 5/36. (3,5), (5,3) వేరు వేరు, (4,4) మాత్రం ఒక్కటే.

6. మార్కులు వచ్చేలా రాయడం నేర్చుకోండి

జవాబు సరిగా వచ్చినా మార్కులు తగ్గాయని బాధపడేవారు తమ కాగితాన్ని ఇంకొకరి చేత చదివించుకోవాలి. మధ్య మెట్లు వదిలేసి రాస్తే, మూల్యాంకనం చేసేవారు మీ మనసులో జరిగినదానికి మార్కులు వేయలేరు. అలాగే చివరి జవాబు తప్పినా, సూత్రం, ప్రతిక్షేపణ, మధ్య మెట్లు సరిగా ఉంటే వాటి మార్కులు వాటికి వస్తాయి. అందుకే రాని లెక్కను కూడా ఖాళీగా వదలవద్దు. దత్తాంశం, బొమ్మ, సూత్రం అయినా రాయండి.

సిద్ధాంతాలకు దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అనే శీర్షికలు విడివిడిగా ఉండాలి. ప్రాథమిక అనుపాత సిద్ధాంతాన్ని బట్టీ పట్టేవారు బొమ్మలో అక్షరాలు మారగానే తడబడతారు. వారానికి ఒకసారి అక్షరాలు మార్చి రాసి చూడండి. √5 కరణీయ సంఖ్య అని నిరూపించే ప్రశ్నలో, ‘1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు’ అన్న మొదటి ఊహను, ‘5 రెండింటికీ ఉమ్మడి కారణాంకం’ అన్న ఫలితాన్ని చివరలో ఎదురెదురుగా పెట్టి, ‘ఇది మన ఊహకు విరుద్ధం’ అని రాయాలి. సగంమంది ఈ ఆఖరి వాక్యాన్ని రాయకుండానే వెళ్లిపోతారు.

గ్రాఫు కాగితం మీద స్కేలు, అక్షాల పేర్లు, రేఖల సమీకరణాలు, ఖండన బిందువు నిరూపకాలు, ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. గ్రాఫు కాగితాన్ని జవాబు పత్రానికి గట్టిగా కట్టడం కూడా ఇంట్లో ఒకసారి చేసి చూడండి. విచిత్రంగా అనిపించవచ్చు గాని, దారం బిగించే కంగారులో గ్రాఫు చింపుకున్న పిల్లలను చూశాను.

7. అధ్యాయాలు కలిపి చేయండి

ఒక అధ్యాయం పూర్తిచేస్తున్నంతసేపు అన్నీ దాని లెక్కలే కాబట్టి ఏ సూత్రం వాడాలో ముందే తెలిసిపోతుంది. పరీక్షలో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి నాలుగైదు అధ్యాయాలు పూర్తయిన నాటి నుంచే వారానికి రెండు రోజులు కలగలుపు సాధన పెట్టుకోండి. వేర్వేరు అధ్యాయాల నుంచి పది లెక్కలను చీటీల మీద రాసి, కలిపి, ఒక్కొక్కటిగా తీయండి. లెక్క మొత్తం చేయనవసరం లేదు. ఇది ఏ అధ్యాయం, ఏమి ఇచ్చారు, ఏమి అడిగారు, మొదటి మెట్టు ఏమిటి, ఈ నాలుగూ రాస్తే చాలు. పది చీటీలకు పావుగంట. మొదటి వారం పదిలో నాలుగైదు కూడా రాకపోవచ్చు, దానికి దిగులు పడవద్దు. ఈ లేఖ మొదట్లోని ప్రశ్న అడిగే పిల్లలకు నేను ముందుగా చేయించేది ఈ చీటీల పనినే.

చీటీలు రాయడం విసుగనిపిస్తే, పాత ప్రశ్నపత్రంలోని నాలుగు మార్కుల ప్రశ్నలను ఆ వరుసలోనే తీసుకోండి.

8. గడియారం పెట్టి పూర్తి పత్రం రాయండి

చివరి నాలుగు వారాలలో వారానికొక పూర్తి పత్రం రాయాలి, వీలైతే పరీక్ష జరిగే ఉదయం వేళలోనే. ఆంధ్రప్రదేశ్ నమూనాకు నేను చెప్పే సమయ విభజన ఇది: ఎనిమిది మార్కుల ప్రశ్నకు 13 నిమిషాలు, నాలుగు మార్కులదానికి ఆరున్నర, రెండు మార్కులదానికి 3, ఒక మార్కుదానికి 1. కలిపితే 153 నిమిషాలు. రాసే 180 నిమిషాలలో మిగిలిన 27 సరిచూసుకోవడానికి, చిక్కిన లెక్కకు తిరిగి రావడానికి. తెలంగాణ విద్యార్థులు పార్ట్-ఎను రెండున్నర గంటలలో ముగించే సాధన చేయాలి. అందులో చివరి పావుగంట సరిచూసుకోవడానికి ఉంచుకోండి.

ఒక లెక్క దాని సమయం దాటి మూడు నిమిషాలు తీసుకుంటే, కింద చోటు వదిలి తరువాతి ప్రశ్నకు వెళ్లండి. బాగా చదివే పిల్లలకు ఇదే కష్టం. ఒక లెక్క మీద పంతం పట్టి ఇరవై నిమిషాలు పోగొట్టుకుని, చివరలో వచ్చిన లెక్కలనే రాయలేక వదిలేస్తారు.

రాసిన పత్రాన్ని అదే రోజు దిద్దవద్దు. మరునాడు ఎర్ర పెన్నుతో, అది వేరెవరిదో అనుకుని దిద్దండి. ‘నాకు తెలుసు, రాయడం మరిచాను’ అన్నదానికి మార్కు వేయవద్దు. పోయిన ప్రతి మార్కు పక్కన మూడింటిలో ఒక గుర్తు పెట్టండి: పాఠం రాదు, పాఠం వచ్చు గాని పొరపాటు, సమయం చాలలేదు. మొదటిది ఎక్కువైతే మూడవ మెట్టుకు వెళ్లండి, రెండవది ఎక్కువైతే ఐదవ మెట్టుకు, మూడవది ఎక్కువైతే ఇంకొక పత్రం రాయండి. మార్కులు ఒక పత్రంలో పెరిగి మరొకదానిలో తగ్గవచ్చు. మూడు పత్రాల తరువాత రెండవ గుర్తు తగ్గుతోందా లేదా అన్నది చూసుకుంటే సాధన ఫలిస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది.

సమయం తక్కువ ఉన్నవారికి

నెల మాత్రమే మిగిలి ఉంటే రెండవ మెట్టును వదలకండి, దానివల్లే సమయం మిగులుతుంది. ‘ఇ’ గుంపులో రెండు అధ్యాయాలను మాత్రం తీసుకుని మిగతావి విడిచిపెట్టండి. పూర్తి పత్రాలు రెండు చాలు.

ఉత్తీర్ణత 35 మార్కులే లక్ష్యంగా ఉండి, ఇరవై రోజులే ఉంటే, నా సలహా ఈ వరుస: సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, రేఖీయ సమీకరణాల గ్రాఫు, అంకశ్రేఢి, నిరూపక జ్యామితి సూత్రాలు, వర్గ సమీకరణాలు. వీటిలో పద్ధతి స్థిరంగా ఉంటుంది, ఒకసారి పట్టుబడితే అంకెలు మారినా చేయగలరు. సరూప త్రిభుజాలలో ఒక్క సిద్ధాంతం నేర్చుకోండి. ఎత్తులు, దూరాలలో బొమ్మ ఒక్కటి ఉన్న సులభమైన లెక్కలు చేయండి, రెండు బొమ్మలు కలిసినవి వదిలేయండి. ‘ముఖ్యమైన ప్రశ్నలు’ అని చేతులు మారే పది లెక్కల కాగితాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. అందులోవి రావచ్చు, రాకపోవచ్చు. ఆరు అధ్యాయాలు గట్టిగా వచ్చినవారికి ఆ కాగితంతో పని ఉండదు.

పరీక్ష ముందురోజు, పరీక్ష గదిలో

ముందురోజు కొత్త లెక్క ముట్టుకోవద్దు. తప్పుల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకసారి చదవండి, సూత్రాలన్నింటినీ చూడకుండా ఒక కాగితం మీద రాయండి, జామెట్రీ బాక్సులో పెన్సిలు ముల్లు సరిచూసుకోండి, హాల్ టికెట్ అందులోనే పెట్టండి.

ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చిన సమయంలో ఒకటో ప్రశ్న జవాబు ఆలోచిస్తూ కూర్చోకండి. ముందుగా అంతర్గత ఎంపిక ఉన్న ప్రశ్నలు చదివి, ప్రతి జతలో ఏది రాస్తారో నిర్ణయించుకోండి. ఎంచుకునేటప్పుడు ఏది సులభంగా కనిపిస్తోంది అన్నదాని కంటే, ఏ లెక్కకు చివరి మెట్టు దాకా మీకు దారి కనిపిస్తోంది అన్నది చూడండి. ఒకసారి నిర్ణయించుకున్నాక మధ్యలో మారవద్దు. రెండూ సగం సగం రాసిన పత్రంలో ఏదో ఒక సగానికే మార్కులు వస్తాయి. జవాబు పత్రంలో ప్రశ్న సంఖ్యను ప్రశ్నపత్రంలో ఉన్నట్టే వేయండి, చిత్తు లెక్కకు కుడివైపు గీత గీసి చోటు ఉంచుకోండి, కొట్టివేయవలసినదానిని ఒక్క గీతతో కొట్టివేయండి. చివరి పది నిమిషాలలో కొత్త లెక్క మొదలుపెట్టకుండా, ప్రశ్న సంఖ్యలు, ప్రమాణాలు, గ్రాఫు మీది స్కేలు, అదనపు పత్రాల వరుస, ఈ నాలుగింటినీ ఈ క్రమంలోనే చూసుకుని పత్రం ఇవ్వండి.